జడివానలో... రయ్‌!

వాన మొదలైతే మనం ఏం చేస్తాం? స్కూటర్‌ మీద ఉంటే ఏ బడ్డీకొట్టు చూరు కిందకో పరిగెడతాం. కారులో ఉంటే వైపర్లు వేసి, ముందు లారీ ఎర్రలైట్లు చూసుకుంటూ మెల్లగా పోతాం. కానీ కొందరున్నారు. మబ్బు పట్టిందంటే చాలు, వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఏడొందల కిలోల బుల్లి కారెక్కి, టపటపా కొట్టే వానలో రేస్‌ ట్రాక్‌ మీదకి దూసుకుపోతారు. పిచ్చా? సరదానా? రెండూ కాదంటారు ఆ విద్య తెలిసినవాళ్లు!

1970, ఏప్రిల్‌ 12. ఇంగ్లాండ్‌లోని బ్రాండ్స్‌ హాచ్‌ ట్రాక్‌. వెయ్యి కిలోమీటర్ల స్పోర్ట్స్‌ కార్ల రేసు. పొద్దుటి నుంచీ కుండపోత. జెండా ఊపారో లేదో మొదటి రౌండ్‌లోనే ఓ కారు అదుపు తప్పి గుద్దుకుంది. జాగ్రత్త, ఎవరూ ముందు కారును దాటొద్దంటూ పసుపు జెండాలు ఊపారు. లేత నీలం రంగు పోర్షె 917లో ఉన్న ఒకాయన మాత్రం దాటేశాడు. ఆయన పేరు పెడ్రో రోడ్రిగెజ్‌. మెక్సికో మనిషి.

నిర్వాహకులు నల్లజెండా చూపించి ఆయన్ని లోపలికి పిలిపించారు. కారు కిటికీ దగ్గర వంగి, బళ్లో మాస్టారు అల్లరి పిల్లాణ్ని నిలబెట్టి చివాట్లు పెట్టినట్టు పెట్టారు. రోడ్రిగెజ్‌ ఏమీ మాట్లాడలేదు. నేరుగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. తిట్లు అయిపోగానే గేర్‌ వేశాడు. అంతే! ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మిగతావాళ్లంతా బ్రేకుల మీద కాలు వేసి బిక్కుబిక్కుమంటూ తిరుగుతుంటే, ఆయన కారు మలుపుల్లో పక్కకి జారుతూ, మళ్లీ సర్దుకుంటూ, ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. రేసు ముగిసేసరికి రెండో స్థానంలో ఉన్న కారు ఏకంగా అయిదు రౌండ్లు వెనకబడి ఉంది. అంటే దాదాపు 21 కిలోమీటర్లు! రెండో కారు కూడా తక్కువదేం కాదు, అదీ పోర్షె 917యే. ఫిన్లాండ్‌కు చెందిన లియో కినూనెన్‌ ఆయనకు జోడీ డ్రైవరైనా స్టీరింగ్‌ ఎక్కువసేపు రోడ్రిగెజ్‌ చేతుల్లోనే ఉంది.

అన్నట్టు, ఈ పెద్దమనిషికి విదేశీ తిండి రుచించేది కాదట. ఎక్కడికెళ్లినా టబాస్కో కారం సీసా వెంట ఉండాల్సిందే. మనవాళ్లు విమానంలో కూడా ఆవకాయ జాడీ మోసుకెళ్లినట్టన్నమాట.

బరువే బద్ధ శత్రువు

ఆ పోర్షె 917 గురించి కాస్త చెప్పుకోవాలి. ఇంజిన్‌కు పన్నెండు సిలిండర్లు. బరువు మాత్రం సుమారు 800 కిలోలే. దాని అస్థిపంజరం మొత్తం అల్యూమినియం గొట్టాలతో అల్లిన చట్రం. ఆ చట్రాన్ని ఇద్దరు మనుషులు ఎత్తేయొచ్చు. అంత పలుచటి గొట్టం ఎక్కడైనా చిట్లితే? అందుకని గొట్టాల్లో గ్యాస్‌ నింపి ఓ మీటరు పెట్టారు. పీడనం తగ్గిందంటే ఎక్కడో పగులు వచ్చినట్టే. ఆఖరికి గేర్‌ రాడ్డు మీది గుండును కూడా చెక్కతో చేశారు, కొన్ని గ్రాములు కలిసొస్తాయని! డ్రైవర్‌ పాదాలు ముందు చక్రాల ఇరుసు కన్నా ముందుకి ఉండేవి. ఏదన్నా గుద్దుకుంటే మొదట తగిలేది కాళ్లకే.

ఈ బరువు తగ్గించే పిచ్చికి ఆద్యుల్లో ఒకరు బ్రిటన్‌కు చెందిన కోలిన్‌ చాప్‌మన్‌. లోటస్‌ కంపెనీ స్థాపకుడు. ఆయన లెక్క చాలా సులువు. ఇంజిన్‌ బలం పెంచితే కారు తిన్నటి రోడ్డు మీదే వేగంగా పోతుంది. అదే బరువు తగ్గిస్తే ఎక్కడైనా వేగంగా పోతుంది... మలుపులోనూ, బ్రేకు వేసేటప్పుడూ, మళ్లీ ఊపందుకునేటప్పుడూ. 1957లో వచ్చిన లోటస్‌ సెవెన్‌ ఈ సూత్రానికి నిలువెత్తు రూపం. తలుపుల్లేవు, సామాను పెట్టుకునే చోటు అంతంతమాత్రం. ఉన్నదల్లా ఇంజిన్‌, నాలుగు చక్రాలు, ఇద్దరు కూర్చునే చోటు. 1973 నుంచి కేటర్‌హామ్‌ అనే కంపెనీ ఇదే కారుకు కొత్త రూపాలు ఇస్తూ వస్తోంది.

చాప్‌మన్‌ 1982లో చనిపోయాడు. ఆయన ఆలోచన మాత్రం పోలేదు. 1996లో లోటస్‌ నుంచి 'ఎలీజ్‌' వచ్చింది. అప్పటి యజమాని రొమానో ఆర్టియోలి తన మనవరాలు ఎలీసా పేరు మీదుగా కారుకి ఆ పేరు పెట్టుకున్నాడు. అల్యూమినియం ముక్కల్ని వెల్డింగ్‌ చేయకుండా జిగురుతో అతికించి చేసిన చట్రం దానిది. ఆ చట్రం బరువు 68 కిలోలు. మొత్తం కారు సుమారు 725. మన మారుతి 800 గుర్తుందిగా? అది దాదాపు 650 కిలోలుండేది. అంటే కాస్త బొద్దుగా ఉన్న మారుతి బరువన్నమాట ఎలీజ్‌. శక్తి మాత్రం మారుతికి మూడింతలు! తొలి ఎలీజ్‌లో పవర్‌ స్టీరింగ్‌ లేదు. జారకుండా కాపాడే ఏబీఎస్‌ బ్రేకులూ లేవు. ఇంజిన్‌ సీట్ల వెనకాల ఉంటుంది. 2021లో తయారీ ఆపేసేదాకా దాని స్వభావం పెద్దగా మారలేదు.

మరి ఇంత తేలికైన కారు వానలో ఏమవుతుంది? కథ అసలు ఇక్కడే మొదలవుతుంది.

చెరువులో పెంకుముక్క

చిన్నప్పుడు చెరువుగట్టున నిలబడి పెంకుముక్క విసిరే ఆట అందరికీ తెలిసిందే. మెల్లగా వేస్తే బుడుంగున మునుగుతుంది. పక్కకి వంగి గట్టిగా విసిరితే నీళ్ల మీద గెంతుకుంటూ పోతుంది. నీటికి తప్పుకునే సమయం ఇవ్వకపోతే అది గట్టి నేలలాగే ఎదురు తిరుగుతుంది. కారు టైరుకీ ఇదే వర్తిస్తుంది.

ఒక్కో టైరు రోడ్డుకు తాకే చోటు మన అరచేతి కన్నా కాస్త పెద్దది. అంతే. నాలుగు అరచేతుల మీద కారంతా నిలబడి ఉంటుంది. వానలో ఆ అరచేతి కిందున్న నీటిని టైరు గాడులు పక్కకి నెట్టేస్తుండాలి. నెట్టగలిగినంతసేపూ పట్టు ఉంటుంది. వేగం ఒక హద్దు దాటితే నెట్టే తీరిక ఉండదు. టైరుకీ రోడ్డుకీ మధ్య నీళ్లు దూరిపోతాయి. కారు పడవైపోతుంది! దీన్నే ఆక్వాప్లేనింగ్‌ అంటారు. ఆ క్షణంలో స్టీరింగ్‌ ఎంత తిప్పినా, బ్రేకు ఎంత తొక్కినా కారుకి వినపడదు.

ఆ హద్దు ఎంత? 1960ల్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దీన్ని లెక్కగట్టింది. కార్ల కోసం కాదు, తడి రన్‌వేల మీద విమానాలు జారిపోతున్నాయని. వాళ్లకి దొరికిన జవాబు కాస్త వింతగా ఉంటుంది. నీళ్లు టైరు గాడుల లోతును మించి నిలిచి ఉన్నప్పుడు, ఏ వేగం దగ్గర టైరు తేలుతుందన్నది ప్రధానంగా అందులోని గాలి పీడనాన్ని బట్టి ఉంటుంది. 33 పౌండ్ల గాలి ఉన్న టైరు గంటకు సుమారు 95 కిలోమీటర్ల దగ్గర తేలితే, 26 పౌండ్లున్నది 85 దగ్గరే తేలుతుంది. గాడులు బాగా ఉండి నీళ్లు తక్కువుంటే ఇంకొంచెం వేగం దాకా పట్టు నిలుస్తుంది. అరిగిపోయిన టైరుకు ఆ అదృష్టం లేదు.

ఇప్పుడు తేలిక కారు సంగతి చూడండి. బరువు తక్కువ కాబట్టి దాని టైర్లలో గాలీ తక్కువే పెడతారు. పైగా రేసు కోసమని వెడల్పాటి టైర్లు తగిలిస్తే నెట్టాల్సిన నీళ్లూ ఎక్కువ. అంటే నిలిచిన నీటిలో బరువైన కారు కన్నా ఈ బుల్లి కారే ముందుగా తేలిపోతుంది! ఎలీజ్‌ తయారుచేసినవాళ్లు ముందు చక్రాలకు సన్నటి టైర్లు వాడటం వెనక ఇదీ కలిసొచ్చే సంగతే.

అయితే నష్టమేనా? కాదు. నీళ్లు నిలవని చోట, రోడ్డు తడిగా మాత్రమే ఉన్నచోట తేలిక కారుదే పైచేయి. జారినా, జారే బరువు తక్కువ. కాబట్టి వెనక్కి లాక్కురావడం సులువు. అన్నిటికన్నా ముఖ్యం, అది మాట్లాడుతుంది. పవర్‌ స్టీరింగ్‌ లేదు కదా, రోడ్డు మీది ప్రతి మార్పూ చేతులకి తెలుస్తుంది. టైరు పట్టు తప్పబోతోందంటే స్టీరింగ్‌ ఒక్కసారిగా వెన్నపూసలా తేలికైపోతుంది. ఆ కబురు అందుకుని కాలు మెల్లగా తీసినవాడు బయటపడతాడు. అందుకోనివాడు గడ్డిలో ఉంటాడు.

కాలి కింద గుడ్డు

ఇంగ్లాండ్‌లో 'ట్రాక్‌ డే'లని జరుగుతుంటాయి. డబ్బు కట్టి ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని రేస్‌ ట్రాక్‌ మీద నడుపుకోవచ్చు. పందెం కాదు, కప్పులు ఉండవు. పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి జెండాల అర్థాలు, ఎటువైపు నుంచి దాటాలో చెబుతారు. హెల్మెట్‌ తప్పనిసరి. ఆ రోజు వాన పడిందంటే సగంమంది ఉసూరుమంటూ టీ తాగుతూ కూర్చుంటారు. నేర్పే గురువులు మాత్రం చేతులు రుద్దుకుంటారు. పొడి రోడ్డు మీద 150లో చేసే తప్పు తడి రోడ్డు మీద 70లోనే బయటపడుతుంది మరి. పాఠం అదే, దెబ్బ చిన్నది.

మొదటి పాఠమే తలకిందులుగా ఉంటుంది. పొడిరోజుల్లో డ్రైవర్లంతా మలుపు బయటి అంచు నుంచి లోపలి అంచుకు, మళ్లీ బయటికి ఒకే దారిలో పోతారు. ఏళ్ల తరబడి పోయిన ఆ దారి మీద టైర్ల రబ్బరు పూతలా అంటుకుని ఉంటుంది. ఎండలో అది బంకలా పట్టుకుంటుంది. వాన పడితే? నూతిగట్టు మీద పాచే! అందుకని వానలో ఆ దారి వదిలేసి, ఎవరూ తొక్కని గరుకు రోడ్డు వెతుక్కుంటూ మలుపు బయటి వైపు నుంచే చుట్టి రావాలి. దూరం ఎక్కువే. అయినా అదే వేగం. ట్రాక్‌ అంచుల్లో ఎరుపూ తెలుపూ రంగులేసి ఉంటాయే, వాటి జోలికి అసలు పోకూడదు. తడిసిన పెయింటు సబ్బుబిళ్లతో సమానం.

రెండోది, నీళ్లు ఎక్కడ పారుతున్నాయో చూసుకోవడం. ట్రాక్‌ వాలు బట్టి కొన్నిచోట్ల రోడ్డుకి అడ్డంగా చిన్న కాలువలు పారుతుంటాయి. ప్రతి రౌండ్‌కూ అవి జరుగుతుంటాయి, లోతు మారుతుంటుంది. మొదటి రెండు మూడు రౌండ్లు మెల్లగా తిరిగేది అందుకే. అలాంటి కాలువ మీదికి వెళ్లేటప్పటికి చక్రాలు తిన్నగా ఉండాలి. బ్రేకు మీద కాలుండకూడదు. కారు తేలినా తిన్నగానే తేలుతుంది, అవతల పడ్డాక మళ్లీ పట్టు దొరుకుతుంది.

మూడోది చెప్పడం తేలిక, చేయడం కష్టం. ఏదీ హఠాత్తుగా చేయకూడదు. యాక్సిలరేటర్‌ కింద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కాలి. స్టీరింగ్‌ని నిండు పాలగిన్నె పట్టుకున్నట్టు తిప్పాలి. తడి రోడ్డు మీద టైరు పట్టు దాదాపు సగమవుతుంది అనుకుంటే, వంద కిలోమీటర్ల వేగంలో 45 మీటర్లలో ఆగే కారు 90 మీటర్ల దాకా పోతుంది. కాబట్టి బ్రేకు ముందుగా, మెత్తగా. ఒక గేరు ఎక్కువలో పెట్టుకుంటే ఇంజిన్‌ దూకుడూ తగ్గుతుంది.

ఇంజిన్‌ వెనకాల ఉన్న ఎలీజ్‌ లాంటి కార్లతో ఓ పేచీ ఉంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్‌ మీంచి కాలు ఠక్కున తీశారనుకోండి... బరువంతా ముందుకు తూలుతుంది. వెనక చక్రాలు తేలికపడతాయి. వెనకున్న ఇంజిన్‌ బరువు సుత్తి తలకాయలా బయటికి విసురుతుంది. కారు బొంగరం! భయం వేసినప్పుడు కాలు తీయడం మనిషి సహజం. తీయకుండా ఉండటమే సాధన. కారు తిరగడం మొదలైతే గోడ వైపు కాకుండా వెళ్లాల్సిన వైపే చూడాలంటారు. చూపు ఎటుంటే చేతులటే పోతాయి. ఇక ఆపడం మన వల్ల కాదని తేలితే క్లచ్‌, బ్రేకు రెండూ తొక్కిపట్టి కూర్చోవడమే.

ఇన్ని చెప్పుకున్నా అసలు శత్రువు జారుడు కాదు. ముందు కారు లేపే తుంపర. ఫార్ములా వన్‌లో ఇటీవలి సంవత్సరాల వాన టైరు ఒక్కోటీ గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల దాకా నీటిని చిమ్ముతుందని తయారుచేసిన పిరెలీ సంస్థ లెక్క. కొద్ది సెకన్లు చాలు, ఇంటి మేడ మీద ప్లాస్టిక్‌ ట్యాంకు ఒక్క టైరుతో ఖాళీ! వెనకొచ్చేవాడికి కనిపించేది తెల్లటి గోడ, అందులో ఓ ఎర్రటి చుక్క.

వాన పడితే బయటికి

ఈ విద్య పుట్టుకతో వచ్చేదేం కాదు. బ్రెజిల్‌లోని సావోపాలోలో ఓ కుర్రాడు చిన్న కార్ట్‌ బండ్లతో పోటీలు మొదలెట్టాడు. ఓసారి వానలో పోటీ జరిగితే చిత్తుగా ఓడిపోయాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో వాన మొదలైందంటే అందరూ ఇళ్లలోకి వెళ్తుంటే అతను కార్ట్‌ తీసుకుని ట్రాక్‌ మీదికి వెళ్లేవాడు. ఆ కుర్రాడే అయర్టన్‌ సెన్నా. 1993 ఏప్రిల్‌ 11న ఇంగ్లాండ్‌లోని డోనింగ్టన్‌ పార్క్‌లో వానలో రేసు మొదలైంది. సెన్నా తొలి మలుపులో అయిదో స్థానంలో ఉన్నాడు. ఆ ఒక్క రౌండ్‌ తిరిగొచ్చేసరికి షూమాకర్‌, వెండ్లింగర్‌, హిల్‌, ప్రాస్ట్‌... నలుగుర్నీ దాటేసి మొదటి స్థానంలో ఉన్నాడు.

మన దగ్గరా వానకి కొదవ లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాక్‌ మీద మారుతి 800 ఇంజిన్‌ పెట్టిన బుల్లి రేసుకార్లు కూడా తిరిగాయి. అయితే తెలుగు కుటుంబాలకి ఈ విద్యతో పని పడేది రేస్‌ ట్రాక్‌ మీద కాదు, వానాకాలంలో హైదరాబాద్‌-విజయవాడ రోడ్డు మీద. నాసా లెక్క మన కారుకీ అదే. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లుండాలి. నున్నగా అరిగిన టైర్లతో, గాలి చూపించకుండా బయల్దేరే పెద్దమనుషులు అన్నీ తెలిసే పడవెక్కుతున్నట్టు లెక్క. కారు తేలినట్టనిపిస్తే యాక్సిలరేటర్‌ మెల్లగా వదిలి, స్టీరింగ్‌ తిన్నగా పట్టుకుని, బ్రేకు తొక్కకుండా రెండు క్షణాలు ఓపిక పట్టాలి.

స్పానర్‌ కట్టుకున్న వీరుడు

వాన రేసుల గురించి మాట్లాడితే గెలిచిన కథలే ఎక్కువ వినిపిస్తాయి. కానీ 1966 జూన్‌ 12 సంగతి చాలామందికి తెలియదు. బెల్జియంలోని స్పా ట్రాక్‌. బయల్దేరినప్పుడు రోడ్డు పొడిగా ఉంది. మొదటి రౌండ్‌లోనే ట్రాక్‌ అవతలి వైపు వాన. జాకీ స్టివార్ట్‌ కారు నీటి మీద తేలి రోడ్డు దాటి వెళ్లి నుజ్జయింది. ఆయన కాలు స్టీరింగ్‌ కింద ఇరుక్కుపోయింది. పెట్రోలు ఒంటి మీద కారుతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు! ట్రాక్‌ సిబ్బంది ఎవరూ రాలేదు. జారిపోయి ఆగిన తోటి డ్రైవర్లు గ్రాహం హిల్‌, బాబ్‌ బాండురాంట్‌ చూసేవాళ్ల దగ్గర స్పానర్‌ అడిగి తెచ్చి స్టీరింగ్‌ ఊడదీసి ఆయన్ని బయటికి లాగారు. దానికి దాదాపు 25 నిమిషాలు పట్టింది. తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లే అంబులెన్స్‌ దారి తప్పింది!

ఆ రోజు నుంచి స్టివార్ట్‌ తన కారులో స్టీరింగ్‌ దగ్గర ఓ స్పానర్‌ టేపుతో అతికించుకుని తిరిగాడు. సీటుబెల్టులు, ట్రాక్‌ పక్కన కంచెలు, వైద్యులు ఉండాలని పోరాడాడు. పిరికివాడని వెక్కిరించినవాళ్లున్నారు. అదే స్టివార్ట్‌ 1968లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో, 22 కిలోమీటర్ల పైచిలుకు కొండదారి ట్రాక్‌ మీద, పొగమంచూ వానా కలిసి ముంచెత్తుతుంటే, మణికట్టు విరిగిన చేత్తో నడిపి, రెండోవాడి కన్నా నాలుగు నిమిషాలు ముందు గెలిచాడు.

ఇక జపాన్‌లోని ఫుజి. 1976 అక్టోబరు 24. ఫార్ములా వన్‌ ఆఖరి రేసు. ఫెరారీ డ్రైవర్‌ నికీ లాడా, బ్రిటన్‌కు చెందిన జేమ్స్‌ హంట్‌ కన్నా మూడు పాయింట్లు ముందున్నాడు. అంతకు మూడు నెలల ముందే లాడా కారు మంటల్లో చిక్కుకుంది. మొహం కాలింది. బతకడనుకుని ఆసుపత్రిలో మత గురువుని కూడా పిలిచారు. ఆరు వారాల్లో, తలకి కట్లతోనే మళ్లీ కారెక్కాడు. కనురెప్పలు సరిగా మూతపడేవి కావు. ఫుజిలో ఆ రోజు ట్రాక్‌ మీద నీళ్లు చెరువులా నిలిచాయి. పెట్టాలా మానాలా అని చాలాసేపు తర్జనభర్జన పడి ఆఖరికి రేసు మొదలెట్టారు.

రెండు రౌండ్లు తిరిగి లాడా కారు లోపలికి తెచ్చి ఆపేశాడు. దిగిపోయాడు. ఇంజిన్‌ చెడిందని చెబుదామన్నాడు ఫెరారీ ఇంజినీరు మౌరో ఫోర్గీరి. లాడా ఒప్పుకోలేదు. ఇంజిన్‌ బాగానే ఉంది, ఈ వానలో నడపడం తనకిష్టం లేదు, అదే చెప్పమన్నాడు.

కాసేపటికి వాన తగ్గింది. మెల్లగా ట్రాక్‌ ఆరింది. హంట్‌ మూడో స్థానంలో వచ్చి, ఒకే ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ ఛాంపియన్‌ అయ్యాడు. రేసు గెలిచింది మారియో ఆండ్రెటీ... చాప్‌మన్‌ లోటస్‌లో.